పొట్టు

నిరుడు సెమీఫైనల్ల కుర్మయ్య సారు
సున్నపు గీత పొంటి ఉరికిండు.
మేం ఎటు ఉరికితే అటు ఉరికిండు.
తువ్వాల నేలకేసి కొట్టిండు,
నీళ్ల సీసను తన్నిండు,
రెఫరీని, ఎండను, మా మోకాళ్లను
పేరు పేరునా తిట్టిండు.
బంతి కాళ్లకాడికి ఒచ్చిన ప్రతిసారీ
మేం బంతి దిక్కు చూడలే,
సారు మొఖం దిక్కు చూసినం.
గోల్ ముందుగాల ఆ మొఖంల పడుతుండె,
తర్వాత మా వలల పడుతుండె.
నాలుగు.

వాపసొచ్చేటప్పుడు జడ్చర్ల చౌరస్తాల
చాయ్ తాగొస్తనని దిగిండు.
డ్రైవర్ మూడుసార్లు హారన్ కొట్టిండు.
ఎక్కినంక ఎవలనూ ఏమనలే.
అచ్చంపేట దాక
కిటికీ కమ్మి పట్టుకొనే కూసున్నడు.

ఈసారి ఫైనల్. పాలమూరు స్టేడియం.
అవతల నిజామాబాద్ పిల్లలు,
అందరివీ ఒక్కటే రంగు బూట్లు.
మావి పదకొండు జతలు, ఏడు రంగులు.
సారు నీలం ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని
గీతకు రెండడుగుల ఎనక కూసున్నడు.
ఒళ్లె పేపర్ పొట్లం, పొట్లంల పల్లికాయ.
చిటుక్కుమని ఒకటి ఒలిచిండు.
మొదలైతే అందరికీ భయమే అయింది.
తిట్టని సారును మేమెన్నడు చూసినం?

పదకొండో నిమిషంల గోల్ పడ్డది.
వలల నుంచి బంతి తీసుకుంట
కేతావత్ సుజి ఇటు చూసింది,
అలవాటుగ, దెబ్బకు చెంప సూపినట్టు.
సారు ఇంకో కాయ ఒలుస్తుండు.
సుజి భుజాలు కిందికి దిగినయ్.
మొగులమ్మకు చెప్పింది,
మొగులమ్మ రుక్సానాకు చెప్పింది:
"సారు పల్లీలు తింటుండే!"
ఆ ఒక్క ముచ్చట మైదానమంత పాస్ అయింది,
ఆ రోజు మా బంతి కంటె మంచిగ.

హాఫ్ టైంల సారు మాట్లాడిందంత ఇంతే:
"లేసులు గట్టిగ కట్టుకోండ్రి.
గాలి అటుదిక్కు నుంచి కొడుతున్నది."

నేను పద్నాలుగో నంబరు.
పద్నాలుగో నంబరుకు
ఆట కంటె కుర్చీలు ఎక్కువ తెలుస్తయ్.
సారు పక్కన కింద కూసున్న గనుక చూసిన.
ఒక్క గింజ నోట్లెకు పోలే.
ఒలిచినవి ఒలిచినట్టు ఏళ్ల సందుల నుంచి
కుర్చీ కాలుకాడ రాలుతున్నయ్.
చీమలకు పండుగ.
తువ్వాల కింద కుడి మోకాలు
కుట్టుమిషను తొక్కినట్టు ఆగకుంట తొక్కుతున్నది.
బొటనేలి గోరు చీలి
ఒక పొట్టు మీద ఎర్ర చుక్క.
మొఖం మాత్రం
నాట్లు ఒడిసి గట్టు మీద కూసున్నోని లెక్క.

నేను చూసింది సారు చూసిండు.
ఒక కాయ తీసి నా చేతిల పెట్టిండు.
నేనూ ఒలిచిన.
తినలే.

రుక్సానా ఒకటి కొట్టింది,
ఎట్ల కొట్టిందో దానికే ఎర్కలేదు.
ఇంక పది నిమిషాలున్నదనంగ
ఈశ్వరికి పిక్క పట్టేసింది.
"పో బిడ్డా," అన్నడు సారు,
చెంబెడు నీళ్లు తెమ్మన్నంత మెల్లగ.

గీత దాటినంక ఒక్కసారి తిరిగి చూసిన.
అంత దూరం నుంచి
మోకాలు కనవడదు, గోరు కనవడదు.
నీలం కుర్చీల ఒక మనిషి
నిమ్మళంగ పల్లీలు తింటుండు.
అంత తెలిసిన నేను కూడా
నమ్మిన.
నా కాళ్లు నా మాట వినుడు షురూ చేసినయ్.

గెలిచిన్రా అని ఊళ్లె అందరూ అడిగిన్రు.
కప్పు ప్రిన్సిపాల్ మేడం గదిల ఉన్నది,
పెద్దదో చిన్నదో పోయి చూసుకోండ్రి.

ఫొటోకు అందరూ నిలవడ్డప్పుడు
నేను కుర్చీకాడికి పొయ్యి
చీమలు ఇడిచిన గింజలు ఏరిన.
రెండు గుప్పిళ్లు.
జడ్చర్లల బస్సు ఆగలే.
ముందు సీట్ల సారు నోరు తెరిచి నిద్రపోతుండు.
మట్టి ఊదుకుంట ఒక్కొక్కటే తిన్న.
కొన్ని చప్పగ, కొన్ని కనరు.
ఒకటి ఉప్పగుండె.